ఫుకెట్‌ల గోల్ఫ్ ఆడనీకి పోతున్నరా, ఏ కోర్సు ఏ రోజు ఆడాలెనో నా లెక్క ఇది

దసరా అయిన తెల్లారే సూర్యాపేట నుంచి తమ్ముడు ఫోన్ చేసిండు, అన్నా మేం ఆరుగురం ఫిబ్రవరిల థాయ్‌లాండ్‌ల ఉన్న ఫుకెట్ దీవికి పోతున్నం, నాలుగు రౌండ్లు ఆడుదమనుకుంటున్నం, మీరు పోయొచ్చిండ్రు గదా ఏవి బుక్ చేస్కోమంటవ్ అని. నేను మొదలు అడిగింది ఒక్కటే, మీ ఆరుగుర్ల అందరికంటే కొత్తగ నేర్చుకున్నది ఎవరు, ఆయన ఒక రౌండ్‌కు, అంటే పద్దెనిమిది హోల్స్‌కి, మొత్తం ఎన్ని దెబ్బలు కొడతడు అని. ఆ ప్రశ్న ఎందుకడుగుతున్ననో ఆయనకు అర్థం కాలే. నెట్‌ల చూస్తే అందరూ ఒకటే తీరుగ రాస్తరు, టాప్ ఫైవ్ అని పైనుంచి కిందికి నంబర్లు ఏసి పెడతరు, మనం పైనున్న మూడింటికి పైసలు కట్టి పోతం, పోయినంక ముగ్గురు చెట్లల్ల బాల్స్ దేవులాడుకుంట తిరుగుతుంటే మిగిలినోళ్లు ఎండల నిలబడి చూసుడు అయితది. మొదటిసారి మాకు గట్లనే అయింది. నాలుగు రౌండ్ల ప్యాకేజీ ఏజెంట్ ఇచ్చినదే తీస్కున్నం, దిగిన తెల్లారే అందరికంటే కష్టమైన కోర్సు పెట్టిండు, మా బావ ఆ రోజు పదకొండు బాల్స్ పోగొట్టుకున్నడు, సాయంత్రం రూముల కూసొని రేపు నేను రాను మీరు పోండి అన్నడు. అంత ఖర్చు పెట్టి, అంత దూరం పోయి, మనిషి అట్ల అంటే మనసుకు ఎంత కష్టమైతదో ఆ రోజు తెలిసింది. తర్వాత రెండుసార్లు పోయినం, రెండుసార్లు కోర్సులు నేనే ఎంచిన, ఇగ ఆ లెక్కనే ఇక్కడ రాస్తున్న.

మాది మిర్యాలగూడ, రైస్ మిల్లు. మా బ్యాచ్‌ల మిల్లోళ్లం ఇద్దరం, నల్గొండల ప్రాక్టీస్ చేసే డాక్టర్ అన్న, పాలమూరుల కాంట్రాక్టులు చేసే మా బావ, దేవరకొండ దోస్తు ఒకాయన, మొత్తం ఐదుగురం. మా ఊర్ల ఆడనీకి లేదు గాబట్టి ఆదివారం పొద్దుగాల నాలుగింటికి లేచి హైదరాబాద్ పోయి ఆడుడే, గోల్కొండ కోట దగ్గర నయా ఖిలాల ఉన్న హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌ల, లేకుంటే గచ్చిబౌలి దిక్కు బౌల్డర్ హిల్స్‌ల ఎవరన్న మెంబర్ తీస్కపోతే. హ్యాండిక్యాప్ అంటే మనిషి కోర్సు లెక్క కన్న సుమారు ఎన్ని దెబ్బలు ఎక్కువ కొడతడో ఆ నంబర్, తక్కువుంటే మంచిగ ఆడుతడన్నట్టు. డాక్టర్ అన్నది 12, నాది 18 చుట్టుపక్కల, బావ 28. ఈ మూడు నంబర్లు గుర్తుపెట్టుకోండి, కింద రాసేదంతా ఈ ముగ్గురి కండ్లతోని చూసిందే.

మొదలు ఒక మాట. ఫుకెట్ అంటే సముద్రం, కోర్సు అంటే సముద్రం పక్కన అలలు చూసుకుంట ఆడుడు అని అనుకుంటరు, నేను గూడ గట్లనే అనుకున్న. అక్కడి పేరున్న కోర్సులు చాలామటుకు సముద్రం ఒడ్డుకు లేవు, లోపల కొండల నడుమ ఉన్నయి, ఎందుకంటే అవి ఒకప్పుడు తగరం గనులు. మన ఇండ్లల్ల ఇత్తడి గిన్నెలకు కలాయి పోసేటోళ్లు వీధులల్ల తిరుగుతుండె గదా, ఆ కలాయిల ఏసేది తగరమే. ఫుకెట్ దీవి బతికిందే ఆ తగరం మీద, టూరిస్టులు వచ్చింది తర్వాత. ధర పడిపోయి గనులు మూతపడ్డంక ఆ గుంతలల్ల వాన నీళ్లు నిండి చెరువులైనయి, తవ్విపోసిన మట్టి గుట్టలైంది, ఆ చెరువులు గుట్టల నడుమనే కోర్సులు కట్టిండ్రు. అందుకే అక్కడ ఏ కోర్సుకు పోయినా నీళ్లు అడ్డమొస్తయి, ఆ నీళ్లు గూడ మన కుంట లెక్క పల్లంగ ఉండయి, గనికి తవ్విన గుంత గాబట్టి ఒడ్డు నిటారుగ ఉంటది, పడ్డ బాల్ ఇగ దొరకదు. కథు అనే ప్రాంతం దీవి నడిమిట్ల ఉంటది, ఆ మైనింగ్ చరిత్రకు ఒక మ్యూజియం గూడ అక్కడ పెట్టిండ్రు, మూడు కోర్సులు ఆ చుట్టుపక్కలనే ఉన్నయి.

ఇగ కోర్సుల్లకు వద్దం. నేను పేరు చూసి కాదు, రోజు చూసి చెప్త.

దిగిన తెల్లారి ఆడాలంటే లగూనా. ఇది బాంగ్ తావ్ బీచ్ దగ్గర, ఎయిర్‌పోర్ట్ నుంచి అరగంట లోపల పోవచ్చు, 1992ల మొదలైంది, తర్వాత మళ్ల బాగుచేసిండ్రు. భూమి సమానంగ ఉంటది, కొబ్బరి చెట్లు, మడుగులు, గుట్టలెక్కి దిగేది లేదు. ఇక్కడ గూడ తగరం తవ్వి వదిలేసిన నేలనే, ఎందుకు పనికిరాదనుకున్న జాగాని పచ్చగ చేసి హోటళ్లు కట్టిండ్రు. మొదటి రోజు ఎందుకు మంచిదంటే మనకు అక్కడికి టైం గంటన్నర తేడా, వాళ్ల ఏడు గంటలంటే మన ఐదున్నర, నిద్ర సక్కగుండదు, ఒంటికి ఆ ఉక్కపోత అలవాటు కాదు, మన నల్గొండ ఎండ పొడిగ కాలుస్తది గాని అక్కడ గాలిల నీళ్లుంటయి, మూడు హోల్స్ కాంగనే చొక్కా పిండుకునే లెక్క అయితది, గ్లవ్ తడిసి గ్రిప్ జారుతది. అసొంటి రోజు గుట్టల కోర్సు పెట్టుకుంటే సగం రౌండ్‌కే కాళ్లు గుంజుతయి. లగూనాల మా బావ ధైర్యంగ ఆడిండు, డ్రైవర్‌తోని (అన్నిటికంటే దూరం కొట్టే కర్ర) కొట్టింది కొద్దిగ వంకరపోయినా పక్క ఫెయిర్‌వేల (గడ్డి కోసి ఉంచిన ఆట దారి) పడుతది గాని మాయం కాదు. నీళ్లు ఉన్నయి, కాని చాలావాటికి పక్కనుంచి పోయే తొవ్వ ఉంటది. డాక్టర్ అన్నకు మాత్రం ఇది జర చప్పగ అనిపించింది, ఆయన మాట గూడ నిజమే, మంచిగ ఆడేటోళ్లకు ఇక్కడ గుర్తుండిపోయే హోల్ అంటూ తక్కువ. కాని ఫ్యామిలీతోని పోయేటోళ్లకైతే నేను ఇంకో ఆలోచన లేకుండ లగూనానే చెప్త, ఆడోళ్లు పిల్లలు బీచ్‌ల ఉంటరు, మనం పొద్దుగాల ఆరున్నరకు మొదలుపెడితే పదకొండింటికల్ల వాళ్ల దగ్గరికి వచ్చేయొచ్చు, రోజంతా మాయమైనమన్న మాట రాదు.

రెండో రోజుకు కథు. ఇక్కడ రెండింటి నడుమ అందరూ ఊగిసలాడుతరు, లాక్ పామ్, ఫుకెట్ కంట్రీ క్లబ్. రెండూ రేటుల గూడ పెద్ద కోర్సుల కన్న తక్కువ. కంట్రీ క్లబ్ దీవిల అందరికంటే పాతది, 1989ల మొదలైంది, ఓల్డ్ కోర్సు అని పద్దెనిమిది, కంట్రీ కోర్సు అని ఇంకో తొమ్మిది హోల్స్. చెట్లు పెద్దగ పెరిగినయి, నీడ దొరుకుతది, పాత కోర్సు గాబట్టి ఆర్భాటం లేదు, మన దగ్గర ఆడిన అలవాటుకు దగ్గరగ ఉంటది. లాక్ పామ్ ఒక పెద్ద చెరువు చుట్టూ కట్టింది, ఫెయిర్‌వేలు వెడల్పు, ఎత్తుపల్లాలు ఉన్నయి గాని బెదిరిచ్చే తీరుగ లేవు. మీ బ్యాచ్‌ల కొత్తోళ్లు ఇద్దరి కన్న ఎక్కువుంటే లాక్ పామ్, అందరూ వంద లోపల కొట్టేటోళ్లయితే కంట్రీ క్లబ్. ఇంతకన్న దీని గురించి ఎక్కువ ఆలోచించే పని లేదు, రెండింటికీ ఒకే దారి, ఒకటి దొరకకపోతే ఇంకోటి తీస్కోండి.

మూడో రోజు రెడ్ మౌంటెన్, దీని గురించి జర ఎక్కువ చెప్పాలె. ఇది లాక్ పామ్ పక్కనే, 2007ల తెరిచిండ్రు, మొత్తం పాత తగరం గని లోపల. పేరుకు తగ్గట్టు మట్టి ఎర్రగ ఉంటది, దేవరకొండ దిక్కు చెలకలల్ల కొత్తగ బాయి పొక్లెయిన్‌తోని తవ్వినప్పుడు బయటపడే మట్టి రంగు, గోడల లెక్క నిటారుగ నిలబడి, పైన మాత్రం అడవి. మా దేవరకొండ దోస్తు మొదటి టీ (మొదటి దెబ్బ కొట్టే జాగ) కాడ నిలబడి అచ్చం మా ఊరి లెక్కనే ఉంది అన్నడు, చుట్టూ పచ్చదనం తీసేస్తే నిజంగ గట్లనే ఉంటది. ఇక్కడ నడుసుడు అయ్యే పని కాదు, ఒక గ్రీన్ (గుంత, జెండా ఉండే నున్నటి గడ్డి) నుంచి ఇంకో టీకి పోవాలంటే బగ్గీ ఘాట్ రోడ్ ఎక్కినట్టు ఎక్కుతది.

పదిహేడో హోల్ కాడ ఏమైందో చెప్త. అది పార్ త్రీ, అంటే మూడు దెబ్బలల్ల పూర్తి చేయాల్సిన హోల్, టీ గుట్ట మీద, గ్రీన్ కింద, తేడా దాదాపు 50 మీటర్లు. మన దిక్కు పదిహేనంతస్తుల బిల్డింగ్ మీద నిలబడి కిందున్న చాప మీదికి బాల్ ఏసినట్టు. మా బావ క్యాడీని (మన వెంట వచ్చి సలహా ఇచ్చే మనిషి) ఏ క్లబ్, అంటే ఏ కర్ర, కావాలెనో అడిగిండు, ఆమె దూరం చూసి ఆయన రోజూ వాడే క్లబ్ తీయకుండ ఇంకా రెండు నంబర్లు తక్కువ దూరం పోయే క్లబ్ చేతుల పెట్టింది. బావ నమ్మలే, ఇది చాలదు అంటడు, ఆమె నవ్వుకుంట తల ఊపుతది, ఒకరి మాట ఒకరికి రాదు. ఆఖరికి ఆమె ఇచ్చిందే కొట్టిండు. బాల్ పోయి పోయి గాలిల ఆగినట్టే అనిపించింది, కిందికి దిగుతుంటే కండ్లతోని ఎంబడించలేకపోయినం, తెల్ల చుక్క లెక్క గ్రీన్ మీద పడి ఒకసారి ఎగిరి నిలబడ్డది. జెండాకు ఆరడుగుల దూరం. పార్ చేసిండు. మొదటి ట్రిప్‌ల రేపు నేను రాను అన్న మనిషి ఇగ నాలుగేండ్ల నుంచి ఆ షాట్ గురించే చెప్తుండు, పెండ్లిళ్లల్ల కలిసినా అదే ముచ్చట. అందుకే నేను రెడ్ మౌంటెన్‌ని కొత్తోళ్లకు వద్దు అనేటోళ్లతోని ఒప్పుకోను. కష్టమే, బాల్స్ పోతయి, స్కోరు పాడయితది, కాని ఎత్తు నుంచి కొట్టే హోల్స్ ఎక్కువ గాబట్టి బాల్ దూరం పోతది, ఆ ఆనందం కొత్తోళ్లకు ఇంకాడ దొరకదు. ఒక్క షరతు, ముందు టీ (గ్రీన్‌కు దగ్గరుండేది) నుంచి ఆడాలె, మొత్తం దెబ్బల స్కోరు రాస్కునుడు కాకుండ ఒక్కో హోల్‌కు ఇచ్చే స్టేబుల్‌ఫోర్డ్ పాయింట్లు పెట్టుకోవాలె, ఒక హోల్‌ల పాడైతే బాల్ ఎత్తి జేబుల ఏస్కొని ముందుకు పోవుడే. మొదటి రోజు మాత్రం పెట్టకండి, మూడో రోజుకల్ల చెయ్యి కుదురుకుంటది.

ఆఖరి రోజు బ్లూ కాన్యన్. అసలైన గొడవ రెడ్ మౌంటెనా, బ్లూ కాన్యనా అన్న కాడనే వస్తది, రెండూ పై రేటువే, రెండింటికీ పైసలు లేకపోతే ఏది అని అడుగుతరు. బ్లూ కాన్యన్‌ల రెండు కోర్సులు, కాన్యన్ 1991లది, లేక్స్ 1999లది. ఇది గూడ తగరం గని, రబ్బరు తోట కలిసిన జాగనే. కాన్యన్‌ల జానీ వాకర్ క్లాసిక్ అనే పెద్ద టోర్నమెంట్ మూడుసార్లు జరిగింది, 1994ల గ్రెగ్ నార్మన్ గెలిచిండు, 2007ల ఆంటన్ హేగ్, నడుమ 1998ల టైగర్ వుడ్స్. ఆ 1998ది మా డాక్టర్ అన్నకు కంఠతా వస్తది. ఆఖరి రౌండ్‌కు ముందు ఎర్నీ ఎల్స్ కన్న టైగర్ ఎనిమిది షాట్లు ఎనకున్నడు, ఆ రోజు 65 కొట్టి సమం చేసి, ప్లేఆఫ్ రెండో హోల్‌ల గెలిచిండు. టైగర్ వాళ్లమ్మది థాయ్‌లాండే గాబట్టి అక్కడోళ్లకు ఆ గెలుపు సొంతింటి ముచ్చట. పదమూడో హోల్ డాగ్‌లెగ్, మామూలోళ్లు పక్కకు కొట్టి వంపు తిరిగి పోవాలె, టైగర్ లోయ మీదినుంచి సూటిగ గ్రీన్ దిక్కు కొట్టిండని ఇప్పటికీ ఆ హోల్‌ని ఆయన పేరుతోనే చెప్తరు. మా డాక్టర్ అన్న అక్కడ నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడలే. తర్వాత పక్కకే కొట్టిండు, అది సరైన నిర్ణయం గూడ.

కాన్యన్ ఎవరికి అంటే, హ్యాండిక్యాప్ 18 లోపల ఉన్నోళ్లకు. ఫెయిర్‌వేలు ఇరుకు, రెండు దిక్కుల చెట్లు, గ్రీన్లు జోరుగ ఉంటయి, పద్నాలుగో హోల్ పార్ త్రీకి గ్రీన్ చుట్టూ నీళ్లే. రెడ్ మౌంటెన్‌ల తప్పు కొడితే ఒక్కోసారి కొండ బాల్‌ని మళ్ల కిందికి ఇస్తది, కాన్యన్ ఏదీ తిరిగి ఇయ్యదు. బావ అసొంటోళ్లకు ఇక్కడ సంతోషం తక్కువ, అలసట ఎక్కువ. లేక్స్ గూడ తేలికేం కాదు, దాదాపు ప్రతి హోల్‌ల నీళ్లు ఉంటయి, కాని జాగ కొద్దిగ ఎక్కువ, రేటు తక్కువ. మేం రెండోసారి ఏం చేసినమంటే ఐదుగురం ఒక్క కాడికే పోయినం, డాక్టర్ అన్న, నేను, మా తోటి మిల్లాయన కాన్యన్‌ల, బావ, దేవరకొండ దోస్తు లేక్స్‌ల. రెండూ ఒకే క్లబ్‌హౌస్, అయిపోయినంక అందరం కలిసి తిన్నం, ఎవరికి మనసు నొప్పి లేదు. కొత్తోళ్లు పాతోళ్లు కలిసున్న బ్యాచ్‌కు ఇంతకన్న మంచి ఉపాయం నాకు కనిపించలే.

ఆఖరి రోజు ఎందుకంటే అది ఎయిర్‌పోర్ట్‌కు ఆనుకునే ఉన్నట్టు, పది నిమిషాల తొవ్వ. పొద్దుగాల రూము ఖాళీ చేసి సామాన్లు వ్యాన్‌ల ఏసుకొని పోయి, ఆడి, అక్కడనే స్నానం చేసి, అన్నం తిని ఎయిర్‌పోర్ట్‌కు పోవచ్చు. అదే కోర్సుని నడిమి రోజు పెట్టుకుంటే పటాంగ్ (సందడుండే బీచ్ ఊరు) నుంచి గంట పోను గంట రాను. రాత్రి ఫ్లైట్ ఉన్నోళ్లకు ఇది చెప్పలేనంత సుఖం.

రెండింటిల ఒక్కటే అంటే నా మాట ఇది: బ్యాచ్‌ల ఒక్కడన్న 24 పైన హ్యాండిక్యాప్ ఉన్నోడు ఉంటే రెడ్ మౌంటెన్, అందరూ 18 లోపల ఉంటే కాన్యన్. డాక్టర్ అన్న దీనికి ఒప్పుకోడు, జీవితంల ఒక్కసారి పోతే టైగర్ నడిచిన కోర్సే ఆడాలె అంటడు, ఆయన ప్రేమ ఆయనది, తప్పు పట్టను.

మరి సముద్రం చూసుకుంట ఆడాలె అనేటోళ్లు అడుగుతరు. వాళ్లు దీవి దాటి ఉత్తరం దిక్కు, సరాసిన్ బ్రిడ్జి అవతల, ఫాంగ్ న్గా జిల్లా థాయ్ మువాంగ్‌ల అక్వెల్లా అని కొత్తది ఉంది, బీచ్ పక్కన, అక్కడికి పోవచ్చు. పటాంగ్‌ల దిగినోళ్లకు దూరం, పోయి ఆడి వచ్చేసరికి రోజంతా అయితది. ఆ దిక్కే రెండు రాత్రులు ఉండేటట్టయితేనే మంచిది.

ఎప్పుడు పోవాలె అనేది మనోళ్లకు పంట మీద ఉంటది. వానాకాలం వడ్లు అక్టోబర్ ఆఖరుకు మొదలైతే సంక్రాంతి దాకా మిల్లు ఇడిసి కదలనీకి లేదు, మళ్ల యాసంగి వడ్లు ఏప్రిల్ మేలల్ల దిగుతయి. నడుమ మాకు దొరికేది జనవరి ఆఖరు నుంచి మార్చి దాకా, లేకుంటే జూలై ఆగస్టు. అదృష్టంకొద్ది మొదటిది ఫుకెట్‌కు గూడ మంచి కాలమే, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా అక్కడ వానలు తక్కువ, గ్రౌండ్ గట్టిగ ఉంటది, కాకపోతే సీజన్ రేట్లు, టీ టైం (ఆట మొదలుపెట్టే టైం) దొరుకుడు కష్టం, రెండు నెలల ముందే బుక్ చేస్కోవాలె. జూలై ఆగస్టుల రేట్లు బాగ తగ్గుతయి, కోర్సులు ఖాళీ, కాని వానలు. ఫుకెట్‌ల ఏడాదికి రెండు వేల మిల్లీమీటర్లకు పైన పడుతది, మన నల్గొండల పడే దానికి దాదాపు మూడింతలు. అయితే అది రోజంతా ముసురు పట్టే వాన కాదు చాలాసార్లు, ఒక గంట కుండపోతగ కొట్టి ఆగిపోతది, కోర్సోళ్లు సైరన్ ఏస్తే షెల్టర్‌ల కూసొని మళ్ల ఆడొచ్చు. మేం ఒకసారి ఆగస్టుల పోయినం, నాలుగు రౌండ్లల్ల మూడు పూర్తిగ ఆడినం, నాలుగోది పదో హోల్ కాడ ఆగిపోయింది. నేల తడిగుంటే బగ్గీలు ఫెయిర్‌వే మీదికి రానియ్యరు, రోడ్డు మీద ఆపి రెండు మూడు క్లబ్బులు పట్టుకొని నడువాలె, మోకాళ్ల నొప్పులున్నోళ్లు ఆ కాలంల రెడ్ మౌంటెన్ జోలికి పోవద్దు. సెప్టెంబర్ అక్టోబర్ మాత్రం ఎవరికీ చెప్పను, వానలు అందరికంటే ఎక్కువ అప్పుడే. వానకాలంల పడమటి బీచ్‌లల్ల ఎర్ర జెండాలు ఎగురుతుంటయి, పిల్లలను నీళ్లల్లకు పంపొద్దు, ఇది గోల్ఫ్ ముచ్చట కాదు గాని చెప్పకుండ ఉండలేను.

ఏడ దిగాలె అన్నది గూడ కోర్సు ఎంచుకునుడు లెక్కనే. దీవి పొడుగు దాదాపు 50 కిలోమీటర్లు, ఎయిర్‌పోర్ట్ ఉత్తరం కొసకు. మ్యాప్‌ల దగ్గరగ కనిపిస్తది, కాని కొండ దారి, ట్రాఫిక్. పటాంగ్‌ల దిగితే సాయంత్రం సందడి, ఇండియన్ హోటళ్లు, కూరగాయల భోజనం దొరుకుతది, కథు కోర్సులకు కొండ దాటితే చాలు. బాంగ్ తావ్ దిక్కు దిగితే శాంతంగ ఉంటది, లగూనా నడిచి పోయేంత దగ్గర, బ్లూ కాన్యన్ గూడ సులువు. నాలుగు రౌండ్లల్ల రెండు కథుల ఉంటే పటాంగ్ దిక్కో కథులనో, లేకుంటే బాంగ్ తావ్. మా డాక్టర్ అన్న శనివారం నీసు ముట్టడు, ఆయన కోసం ఇంటినుంచి మామిడికాయ తొక్కు, పప్పుల పొడి తీస్కపోయినం, క్లబ్‌హౌస్‌ల తెల్లన్నం అడిగితే ఇస్తరు, దాంతోని నడిచింది.

బండి విషయంల కక్కుర్తి పడకండి. యాప్‌ల బుక్ చేసే కారుల నలుగురు మనుషులు నాలుగు గోల్ఫ్ బ్యాగులు పట్టయి, తెల్లారి ఐదున్నరకు రోడ్డు మీద నిలబడి రెండో కారు కోసం చూసుడు అయితది. రోజు మొత్తానికి వ్యాన్ మాట్లాడుకొని నలుగురైదుగురు పంచుకుంటే మనిషికి పెద్ద తేడా రాదు, డ్రైవర్ అక్కడనే ఉంటడు, తడి బట్టలు షూలు బండిల ఉంటయి.

బ్యాగుల గురించి ఒక బాధ చెప్తా. మొదటిసారి నేను మెత్తటి కవర్ ఏసి పంపిన, బెల్ట్ మీద వచ్చిన బ్యాగు విప్పి చూస్తే డ్రైవర్ కర్ర మెడ కాడ విరిగి రెండు ముక్కలు. కొని రెండు నెలలు గాలే. ఎయిర్‌లైన్‌కు ఫారం నింపి ఇచ్చిన, ఏం రాలే. అప్పటి నుంచి డ్రైవర్ హెడ్ తీసి టవల్ల చుట్టి బట్టల సూట్‌కేస్‌ల పెడుత, హెడ్ ఊడే తీరుది కాకపోతే అందరి క్లబ్బుల కన్న పొడుగున్న ఒక గట్టి కర్ర బ్యాగ్ నడుమ నిలబెట్టుండ్రి, దెబ్బ దాని మీద పడుతది. గోల్ఫ్ బ్యాగ్‌ను టికెట్ బుక్ చేసేటప్పుడే స్పోర్ట్స్ సామాను కింద చూపియ్యాలె, కౌంటర్ కాడ చెప్తే రేటు ఎక్కువ. బావ, దోస్తు అక్కడనే సెట్ కిరాయికి తీస్కుంటరు, కొత్తోళ్లకు అదే మంచిది, పెద్ద కోర్సులల్ల కిరాయి సెట్లు బాగనే ఉంటయి, షూ, గ్లవ్ మాత్రం మనవే ఉండాలె. హైదరాబాద్ నుంచి ఫుకెట్‌కు డైరెక్ట్ ఫ్లైట్ తీస్కుంటే బ్యాగ్ నడుమల చేతులు మారదు, బ్యాంకాక్ మీదినుంచి పోతే వెయ్యి రెండు వేలు మిగులొచ్చు, నేనైతే క్లబ్బులున్నప్పుడు డైరెక్టే చూస్త. ఇంకోటి, 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్ పోయే ప్రతి ఒక్కరు డిజిటల్ అరైవల్ కార్డ్ ఆన్‌లైన్‌ల నింపాలె, దిగే ముందు మూడు రోజుల లోపల, దానికి పైసలు లేవు, పైసలు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది అసలుది కాదు.

క్యాడీల సంగతి లేకుండ ఇది పూర్తి కాదు. అక్కడ మనిషికి ఒక క్యాడీ తప్పనిసరి, ఎక్కువమంది ఆడోళ్లే, ముఖం మొత్తం గుడ్డ కప్పుకొని, పెద్ద టోపీ, మన దగ్గర నాట్లు ఏసే ఆడోళ్లు ఎండకు చుట్టుకున్నట్టే. లగూనాల నా క్యాడీ, యాభై దాటిన ఆమె, రెండో హోల్ గ్రీన్ మీద నేను కుడి దిక్కు చూస్కొని పుట్ (బాల్‌ని గుంతలకు నెట్టే మెల్లని దెబ్బ) కొట్టబోతుంటే ఆపి, బాల్ ఎత్తి తుడిచి, బాల్ మీదున్న గీతను ఎడమ దిక్కు తిప్పి పెట్టింది. నా కంటికి వాలు కుడికే ఉంది. ఆమె గడ్డిని చూపిచ్చింది, ఒక దిక్కు నుంచి చూస్తే మెరుస్తది, ఇంకో దిక్కు నుంచి చూస్తే మబ్బుగ ఉంటది, గడ్డి మొన ఎటు వాలి ఉంటే బాల్ అటు గుంజుకపోతది. ఆ ఉక్క దేశాలల్ల గ్రీన్ మీద గడ్డి వాటం అంత బలంగ ఉంటది. ఆమె చెప్పినట్టు కొట్టిన, పడ్డది. ఆ రోజు నుంచి గ్రీన్ మీద వాళ్ల మాట ఇన్నం, ఐదుగుర్ల ఎవరికీ ఒకే గ్రీన్ మీద మూడు పుట్లు పడుడు ఎక్కువసార్లు కాలే. టిప్పు మేం మనిషికి 300 నుంచి 400 బాత్ ఇచ్చినం, రౌండ్ అయినంక చేతికే ఇయ్యాలె, చిల్లర నోట్లు ముందే పెట్టుకోండి. వాళ్లకు బతుకుదెరువే అది, అండ్ల బేరం ఆడకండి, గట్టిగ అరవకండి, బాల్ నీళ్లల్ల పడితే తప్పు మన చెయ్యిది, ఆమెది కాదు. మన దిక్కు నుంచి పోయిన ఇంకో బ్యాచ్ ఒకసారి క్యాడీ మీద అరుచుడు చూసిన, నాకు తల దించుకున్నట్టయింది.

సూర్యాపేట తమ్మునికి ఆఖరికి ఏం చెప్పిన్నంటే, ఆరుగుర్ల ఇద్దరు నూటిరవై కొట్టేటోళ్లు ఉన్నరు, అందరూ పటాంగ్‌ల దిగుతరు గాబట్టి మొదటి రోజు లాక్ పామ్, రెండో రోజు ఆట వద్దు, దీవులు చూసి రండి, మూడో రోజు రెడ్ మౌంటెన్ ముందు టీ నుంచి ముగ్గురు ముగ్గురుగ, నాలుగో రోజు లగూనా, ఆఖరి రోజు నలుగురు కాన్యన్, ఇద్దరు లేక్స్. ఆయన జర ఆగి, అన్నా ఆ నూటిరవై కొట్టేటోళ్లల్ల ఒకడిని నేనే అన్నడు. అయితే ఫిబ్రవరి లోపల ఒక పది ఆదివారాలు హైదరాబాద్ రా తమ్మీ, పొద్దుగాల నార్కట్‌పల్లి కాడ కలుద్దం, నా బండ్లనే పోదం అన్న.